మా రోజుల్ల కాజు లెక్కవెట్టి తినేది

దసరా వస్తే ఇప్పుడు ఇంటికి చుట్టాలు రారు, డబ్బాలొస్తయి. నీలం డబ్బా, ఎర్ర డబ్బా, మీద బంగారు రంగు నెమలి ఉన్న డబ్బా. మూత తీస్తే అన్నింట్ల ఒక్కటే, కాజు కత్లీ. కొన్నింటికైతే మూత తీసుడు కూడ ఉండదు, ఈ ఇంట్లకెల్లి ఆ ఇంటికి, ఆ ఇంట్లకెల్లి ఇంకో ఇంటికి అట్లనే తిరుగుతయి. ఇచ్చినోడు చెయ్యలేదు, పుచ్చుకున్నోడు తినలేదు. గిదేం పండుగ బిడ్డా? ముసలాయన మళ్ల మొదలువెట్టిండని నవ్వుతరు. నవ్వుండ్రి. నవ్వుకుంటనన్న చదువుండ్రి.

కాజు కత్లీ మీద నాకేం కోపం లేదు. ఇంట్ల చేసుకునేదాన్ని బజారుకు అప్పజెప్పిన మీ బద్దకం మీదనే నా కోపమంతా. నాలుగే నాలుగు వస్తువుల మిఠాయి అది. కాజు, చక్కెర, నీళ్లు, చెంచెడు నెయ్యి. అరిసెలకు నానబోసినట్టు బియ్యం నానబోసుడు లేదు, దంచుడు లేదు. సకినాలకున్నంత చేతిపని లేదు. ఒక గంట పని. ఆ గంట మీకు దొరకదు. ఫోన్ల ఎవరో కాజు కత్లీ చేస్తుంటే చూసుడానికి మాత్రం రోజూ గంట దొరుకుతది!

మా చిన్నతనంల కరీంనగర్ల కాజు దొరకకపోయేది కాదు, గని అందరి ఇండ్లకు వచ్చేది కాదు. టవర్ సర్కిల్ దిక్కు పెద్ద కిరాణం దుకాణాల్లకు రేకు డబ్బాల వచ్చేది. డబ్బాకు 25 పౌన్లు, అంటే పదకొండు కిలోల పైచిలుకు. కాజు వ్యాపారం చేసేటోళ్లకు ఇయ్యాళ్టికీ ఆ డబ్బా లెక్క తెలుసు. షావుకారు దాంట్లకెల్లి తీసి, త్రాసుల తూచి, పాత కాయితంల పొట్లం కట్టేటోడు. శేర్లు, చటాకులు పోయి కిలోలు వచ్చినంక కూడ మా బాపు దుకాణంల నిలవడి అద్దపావు కాజు అనే అడిగేటోడు, షావుకారు కూడ కిలోలల్ల తూచి అద్దపావనే చెప్పి ఇచ్చేటోడు. ఇద్దరికీ అర్థమయ్యేది. ఇప్పుడు తూకం యంత్రం మీద ఎర్ర అంకెలు కనవడుతయి, మనిషి మొకం ఎవడు చూస్తడు?

ఆ పొట్లం ఇంటికి రాంగనే అవ్వ సందుగల పెట్టి తాళమేసేది. పండుగ నాడు పరమాన్నంల మనిషికి రెండు పలుకులు. నా గిన్నెల మూడు పడ్డయంటే తమ్ముడు వాడంత వినవడేటట్టు లొల్లి పెట్టేటోడు. ఆ రెండు పలుకుల్ని ముందుగాల తినేది కాదు, గిన్నె పక్కకు జరిపి పెట్టుకొని, అంత తిన్నంక ఆఖరుకు నోట్లేసుకొని చానాసేపు నమిలేది. ఇప్పుడు మా ఇంట్లనే పోరగాండ్లు ఉప్పుకారం కొట్టిన కాజును పిడికిళ్ల కొద్ది నములుతరు, కండ్లేమో ఫోన్ల ఉంటయి. ఏం తింటున్నవురా అని అడిగితే చెయ్యి తెరిచి చూసుకొని చెప్తడు.

అసలు కాజు మా నేల పంట కాదు. బ్రెజిల్ దిక్కున్న చెట్టును పోర్చుగీసోళ్లు పదహారో శతాబ్దంల గోవాకు తెచ్చిండ్రు. అక్కడికెల్లి సముద్రం ఒడ్డు పట్టుకొని పాకింది. మనకు వచ్చేది శ్రీకాకుళం పలాసల కొట్టిందో, వేటపాలెంల కొట్టిందో. తెలంగాణల కాస్తదంటే ఖమ్మం దిక్కు అశ్వారావుపేట పక్కల కాస్తది. మా గోదావరి ఒడ్డున వరి, మక్కలు, పసుపు, నువ్వులు. మరి మా పెద్దోళ్లు మిఠాయిల మీద ఏం వేసేటోళ్లనుకున్నరు? సారపప్పు.

ఎంతమందికి ఎరుకనో చెప్పుండ్రి, ఒక్కసారి చూస్త. ఆదిలాబాద్ అడవిల మొర్రి చెట్లుంటయి. ఎండకాలం మొర్రి పండ్లు నల్లగ నిగనిగలాడుతయి. తిని గింజ ఉమ్మేసేటోళ్లు తింటరు, గింజ దాచేటోళ్లు దాస్తరు. గోండోళ్లు, కొలామోళ్లు ఆ గింజల్ని ఎండవెట్టి, రాయి మీద నిదానంగ పగులగొట్టి లోపలి పప్పు తీసేటోళ్లు. గట్టిగ కొడితే పప్పు పిండయితది, మెల్లగ కొడితే పెంకు పగలదు. శనగగింజకన్న చిన్న పప్పు అది. ఒక్క శేరు కావాలంటే ఎన్ని గింజలు కొట్టాలెనో మీరే ఆలోచించుండ్రి. అంగట్ల అమ్మేటోళ్లు, గిరిజన సహకార సంస్థోళ్లు కూడ కొనేటోళ్లు.

మా చిన్నవ్వను నిర్మల్ దిక్కు ఇచ్చిండ్రు. దసరాకు పుట్టింటికి వచ్చినప్పుడల్ల సోన్ దగ్గర గోదావరి వంతెన దాటి, ఆర్మూర్, మెట్‌పల్లి, కోరుట్ల మీదికెల్లి ఎర్రబస్సుల ఒళ్లంత హూనం చేసుకొని వచ్చేది, కొంగుల మూట మాత్రం భద్రంగ ఉండేది. ఆ మూటల సారపప్పు. దాన్ని నేతిల వేయిస్తే వచ్చే వాసన నేను ఇంకేదాంట్ల చూడలే. గరిజెల పూర్ణంల కొబ్బరి, పుట్నాల పొడి, నువ్వులతోని కలిపి వేసేటోళ్లు. రవ్వలడ్డు మీద అద్దేటోళ్లు. మా వాడల ముస్లింల ఇండ్లకెల్లి రంజాన్ నాడు షీర్ ఖుర్మా వస్తే, దాంట్ల సేమియాల నడుమ గూడ అదే సారపప్పు తేలేది. వాళ్ల గిన్నె మేం ఉత్తగ వాపసిచ్చేది కాదు, సంక్రాంతికి సకినాలు పోసి పంపేది. ఇప్పుడు చిరోంజీ అని రాసిన చిన్న ప్లాస్టిక్ పొట్లం పెద్ద దుకాణాల్ల అమ్ముతరు, ధర చూస్తే కాజు కన్న ఎక్కువ. పండు పండకముందుకే కొమ్మలిరిచి దులిపి దులిపి చెట్లే తక్కువజేసుకున్నం, ధర పెరగకేమైతది?

సరే, కాజు దగ్గరికే వస్త. మాట ఎటో పోయిందని మీరు గడియారం చూసుకోవద్దు.

అది ఇంటింటికి ఎప్పుడు వచ్చిందంటే, మా జగిత్యాల, సిరిసిల్ల, నిర్మల్ దిక్కు పోరగాండ్లు దుబాయ్, మస్కట్ పోవుడు మొదలైనంక. రెండేండ్లకోసారి ఇంటికి వచ్చినోడి పెట్టెల ఖర్జూర, పిస్తా, కాజు ఉండేది. మళ్ల పోయేటప్పుడు ఆ పెట్టెలనే తల్లి సకినాలు, గరిజెలు, తొక్కు పెట్టి పంపేది. అక్కడి ఎండల కష్టం చేసినోడు తెచ్చిన కాజును ఉత్తగ నమిలి పడేసుడు ఎట్ల? పండుగకని దాచేటోళ్లు. దాంతోనే మా ఊర్లల్ల కాజు బర్ఫీ చేసుడు పెరిగింది. మందంగ, చేతి వేలంత ఎత్తు పోసి, పలుకలు పలుకలుగ కోసేటోళ్లు. కాయితమంత పలచగ ఉండే ఈ కత్లీ తర్వాత వచ్చింది. ఒక బర్ఫీ పలుక తింటే మనిషి నిండేటోడు, ఇప్పుడు డబ్బాల ముప్పై బిళ్లలున్నా మందం జూస్తే ఏం లేదు.

మా అక్క పెండ్లప్పుడు సారె చేసిన దినాలు నాకు బాగ యాదికున్నయి. ఆకిట్ల పందిరి, పందిరి కింద ఆడోళ్లు. ఒక దిక్కు బూందీ దూసేటోళ్లు, ఒక దిక్కు గరిజెలు ఒత్తేటోళ్లు. బాపు ఎన్నడు లేంది శేరు కాజు తెచ్చిండు, బిడ్డ అత్తగారింట్ల మాట పడొద్దని. ఆ రోజుల్ల మిక్సీ ఎక్కడిది? కాజును గోరువెచ్చని నీళ్లల్ల నానబోసి, నీళ్లు వార్చి, రోట్ల రుబ్బిండ్రు. బాపమ్మ పక్కన కూసుండి వేళ్లతోని రాసి చూసి, ఇంక రుబ్బు, ఇంక రుబ్బు అనుకుంట పొద్దుగూకిచ్చింది. కళాయి పెట్టిచ్చిన ఇత్తడి గంజుల చక్కెర పాకం పట్టి, ఆ ముద్ద వేసి, కట్టెల పొయ్యి మీద తిప్పుడు మొదలువెట్టిండ్రు. అంచు వదిలేదాంక గరిటె ఆపొద్దు. ఒకరి చెయ్యి గుంజితే ఇంకొకరు అందుకున్నరు. పొగకు కండ్లు మండుతున్నయి, అయినా ఎవ్వరు లేవలే. ఆఖరుకు గోళీ అంత ముద్ద తీసి, తడి వేళ్ల నడుమ చుట్టి, వేళ్లకు అంటుతలేదని బాపమ్మ తల ఊపింది. అప్పుడు దించిండ్రు.

పాకం చూసుడు మా ఆడోళ్లకు వేళ్లల్ల ఉండేది. బొటనవేలు, చూపుడువేలు నడుమ సుక్క పెట్టి విడదీస్తే సాలెపురుగు దారమంత సన్నగ ఒక్క తీగ సాగాలె. అది కాజు బర్ఫీకి. అరిసెలకు వేరే, నీళ్లల్ల వేస్తే మెత్తగ ఉండ కట్టాలె. పల్లిపట్టికి ఇంకా ముదురు, నీళ్లల్ల వేసి నేలకు కొడితే టంగుమనాలె. ఒక్క నిమిషం అటూ ఇటూ అయితే బర్ఫీ ఇసుకయితది, లేకుంటే రెండు దినాలైనా కోతకు రాదు. ఇప్పటి పిల్లలు పాకంల ఒక సూది పెట్టి వేడి ఎంతున్నదో చూస్తరట. చూసుకోండ్రి, నాకేం అడ్డం లేదు. కాని ఆ సూది పాడైన నాడు మీ వేళ్లకు ఏం తెలుస్తది?

చక్కెర సంగతి అడుగకుండ్రి, కడుపు రగులుతది. మా దిక్కు చక్కెరంటే బోధన్ చక్కెర, నిజాం కాలంల కట్టిన ఫ్యాక్టరీది. తర్వాత్తర్వాత మా మెట్‌పల్లి పక్కన ముత్యంపేటల కూడ నిజాం షుగర్స్ ఫ్యాక్టరీ నడిచింది. చెరుకు ఆడే నెలల్ల ఆ తొవ్వల పోతే బండ్లు, ట్రాక్టర్లు బారు కట్టి ఉండేటివి, గాలంత తీపి వాసన. మా చెరుకు, మా ఫ్యాక్టరీ, మా చక్కెర. 2015 డిసెంబరుల లేఆఫ్ అని చెప్పి బోధన్‌తో పాటు దానికీ తాళమేసిండ్రు. చెరుకు ఏసినోళ్లు చానమంది వేరే పంటకు మర్లిండ్రు. ఆ మరుసటేడు, 2016ల, సరిగ్గ దసరా నాడే జిల్లాలను కూడ ముక్కలు చేసిండ్రు. మా కరీంనగర్ల ఉన్న జగిత్యాల, పెద్దపల్లి, సిరిసిల్ల వేరే జిల్లాలైనయి, ఆదిలాబాద్‌ల కెల్లి నిర్మల్, మంచిర్యాల, ఆసిఫాబాద్ పోయినయి. ఆఫీసు దగ్గరికి వచ్చింది, మంచిగైందని అంటరు. కావచ్చు. నాకైతే మెట్‌పల్లి ఇంకా కరీంనగర్ జిల్లానే.

ఇగ మీ కత్లీ మీది వెండి రేకు. వరఖ్ లేకుంటే అది కత్లీయే కాదంటరు. మా ఇంట్ల బర్ఫీకి ఏ రేకూ లేదు, మీద సారపప్పు, ఇలాచీ పొడి, అంతే. వరఖ్ హైదరాబాద్ షోకు. చార్మినార్ పక్కల గల్లీలల్ల వెండి ముక్కల్ని తోలు పొరల నడుమ పెట్టి పొద్దంత సుత్తెతోని కొట్టేటోళ్లు. 2016ల కేంద్రపు ఆహార భద్రత సంస్థోళ్లు ఆ తోలు గీలు బంద్ చెయ్యుండ్రి, వెండి వెయ్యికి 999 పాళ్లు ఉండాలె అని పెట్టిండ్రు. ఆ పని మంచిగ చేసిండ్రు, ఒప్పుకుంట. అయినా కొన్నిచోట్ల వెండి పేరు మీద అల్యూమినియం అంటిస్తున్నరు. వేలితోని రాసి చూడుండ్రి, వెండి అయితే కనవడకుండ కలిసిపోతది, అల్యూమినియం అయితే ఉండలు కడుతది. వెండి కావాలంటే మా కరీంనగర్ వెండి నగిషీ ఉన్నది గదా. సన్నటి వెండి తీగను మెలేసి అల్లిన పాన్‌దాన్‌లు, అత్తర్‌దాన్‌లు, పళ్లాలు. దానికి భౌగోళిక గుర్తింపు కూడ వచ్చింది. ఆ పళ్లెంల పెట్టి మిఠాయి ఇచ్చేటోళ్లు పెద్దింటోళ్లు. వెండిని చూసి సంబరపడేది, మిఠాయిని తినేది. ఇప్పుడు వెండినే తింటున్నరు.

మొన్న పట్నంల ఒక దుకాణంకెల్లి తెచ్చిన డబ్బా విప్పి ఒక బిళ్ల నోట్లేసుకుంటే కాజు లేదు, పల్లీ వాసన. మా దిక్కు పుట్టినోని నాలుక పల్లీ దగ్గర మోసపోతదా? పల్లీ అంటే నాకు ప్రాణం. సద్దుల బతుకమ్మ నాడు సత్తుపిండిల పల్లీలు లేకుంటే ఎట్ల? పల్లిపట్టిని పల్లిపట్టి అని అమ్మితే రెండు కిలోలు కొంట. కాజు అని పేరు పెట్టి, కాజు ధర తీసుకొని పల్లిపిండి తినిపిచ్చుడు దగా. విడిగ అమ్మే మిఠాయి ఎన్నడుదాంక తినచ్చునో తేదీ రాసి పెట్టాలెనని 2020 అక్టోబరుల రూలు తెచ్చిండ్రు. తేదీ రాస్తరు, మరి లోపల ఏమున్నదో ఎవడు రాస్తడు? ఇంట్ల చేసినదానికి ఆ చింతనే లేదు. లోపల ఏమున్నదో మనకే తెలుసు, తేదీ దాటేదాంక మిగులుడే కష్టం.

అయితే ఒక్క మాట న్యాయంగ చెప్పాలె. ఆ రోజుల్ల మా ఇండ్లల్ల పాకానికి చేతులు కాల్చుకున్నది ఆడోళ్లు, రోకలికి పొక్కులు తెచ్చుకున్నది ఆడోళ్లు. మేం మొగోళ్లం అరుగు మీద కూసుండి రుచి చూసి పేర్లు పెట్టేటోళ్లం. మిక్సీ వచ్చుడు మా అవ్వకు పెద్ద ఆసరయింది. రోలు రుచి వేరే అని నేనంటే అవ్వ నా దిక్కు చూసి, అయితే నువ్వే రుబ్బు అన్నది. ఆమె అన్నది నిజమే. అందుకే మిక్సీని నేనేమీ అన. బిడ్డలొక్కరికే గాదు, మొగపోరగాండ్లకు కూడ చెప్తున్న ఈ మాట. గరిటె పట్టుండ్రి. వీడియోలు చూసి బైకు బాగుచేసుకునేటోళ్లకు పాకం ఎందుకు రాదు?

ఉట్నూరుల ఆదివాసీ ఆడబిడ్డలు సంఘం పెట్టుకొని ఇప్పపువ్వు లడ్డూలు చేసి అమ్ముతున్నరు. ఇప్పపువ్వంటే సారాకే అనుకునేటోళ్ల నోళ్లు మూసిండ్రు. అడవిల రాలిన పువ్వు ఏరి, ఎండవెట్టి, చేతులతోని ఉండలు కట్టి, పట్నపోళ్లతోని కొనిపిస్తున్నరు. ఈ కాలం పనులల్ల నేను మెచ్చుకునేది ఇదొకటి. మీ ఇంట్ల అన్ని యంత్రాలు పెట్టుకొని మీకు కాజు బర్ఫీ రాదంటే నేను నమ్మ.

ఇగ వినుండ్రి, రాసుకుంటే రాసుకోండ్రి. కాజు పావుకిలో తెచ్చుకోండ్రి, గుండు కాజు అక్కర లేదు. దుకాణపాయన డబ్ల్యూ 240 అని పెద్ద గింజ చూపిస్తడు. అది పౌనుకు 240 గింజల లెక్క, నంబరు పెరిగితే గింజ చిన్నగయితది. పొడి కొట్టేదానికి గింజ పెద్దదైతేంది, చిన్నదైతేంది? బద్దలో ముక్కలో తెస్తే పైసలు మిగులుతయి, రుచి ఒక్కటే. ఫ్రిజ్‌ల ఉంటే ముందుగాల బయట పెట్టి చల్లదనం పోనియ్యుండ్రి. మిక్సీల తిప్పి తిప్పి ఆపుండ్రి, ఆపకుండ తిప్పితే నూనె ఊరి ముద్దయితది. జల్లెడ పట్టుండ్రి. చక్కెర సగం తూకం, నూటపాతిక గ్రాములు. మునిగేన్ని నీళ్లు పోసి తీగపాకం రానియ్యుండ్రి. మంట తగ్గిచ్చి పొడి పోసి కలుపుండ్రి, ఉండలు కట్టనియ్యకుండ్రి. అంచు వదిలినంక తడి వేళ్లతోని చుట్టి చూసి దించుండ్రి. నెయ్యి రాసుకున్న చేతులతోని వేడివేడిగ ఉన్నప్పుడే మర్దించి, రాసిన పళ్లెంల పరిచి కోసుకోండ్రి. గట్టిపడితే చెంచెడు పాలు చిలకరించి మళ్ల పొయ్యి మీద పెట్టుండ్రి, మెత్తగుంటే ఇంకాసేపు తిప్పుండ్రి. వరఖ్ వద్దు. సారపప్పు దొరికితే నాలుగు పలుకులు అద్దుండ్రి.

నాకు షుగరున్నదని ఇంట్లోళ్లు ముట్టనియ్యరు, ఒక్క పలుకకు డాక్టరు కూడ ఏమనడు. మీ పిల్లల్ని పక్కన కూసోవెట్టుకోండ్రి, పాకం సుక్క వాళ్ల వేళ్ల మీద పెట్టి చూపియ్యుండ్రి, కాలకుండ చూసుకోండ్రి. వచ్చే దసరాకు ఒక్క పావుకిలో మీ ఇంట్ల చెయ్యుండ్రి. మొదటిసారి పాకం చెడిపోతే సంక్రాంతికి మళ్ల చెయ్యుండ్రి.